గడ్డి బండి, వస్తా

ఏరు గట్టు తెంచుకుని రన్‌వే మీద పడవలు తిరిగిన ఏడు అది. నీళ్ళు తీసి నెలలు గడిచినా వరద మాత్రం ఆ చిన్న విమానాశ్రయాన్ని వదల్లేదు. ఒండ్రు మేట వేసిన చోటల్లా గడ్డి లేచింది. కోసిన వెంటనే మళ్ళీ మోకాలెత్తు. రన్‌వే కొసల్లో రెల్లు మనిషిని దాచేసేంత పెరిగింది. టవరు పునాది నానిపోయి ఒక పక్కకి ఒరిగిందని మెట్లకి తాళం వేశారు. విమానాలకి రేడియోలో దారి చెప్పే టవరాయన్ని తీసుకొచ్చి పాత సామాన్ల గదిలో, విరిగిన బెంచీల మధ్య కూర్చోబెట్టారు. ఆ గది కిటికీలోంచి రన్‌వే సగమే కనబడుతుంది. మిగతా సగం ఆయన చెవులతోనే చూడాలి.

రన్‌వే అవతలి గడ్డి కొయ్యడానికి ఇదివరకు చుట్టుబాట ఉండేది. వరదకి ఆ బాట తూముతో సహా కొట్టుకుపోయింది. అప్పట్నించి గడ్డి కోసే ట్రాక్టరు రన్‌వేని అడ్డంగా దాటాల్సి వచ్చింది. దాటేముందు రేడియోలో చెప్పమన్నారు. ఏమని చెప్పాలో ఎవరూ అనలేదు.

ఆ మైదానంలో నోట రాకూడని మాట ఒకటుంది. పోవడం. విమానం పోయిందంటే కూలిందని. మనిషి పోయాడంటే ఇక వేరే అర్థమే లేదు. విమానం నడపడం నేర్పే ఆయన్ని అందరూ పంతులు అనేవాళ్ళు. పంతులుకి ఆ మాటంటే ఒళ్ళు మంట. రేడియోలో ఎవడైనా పోతున్నానంటే దిగొచ్చి మరీ పట్టుకునేవాడు.

"ఎక్కడికిరా పోయేది, కాటికా? వస్తానని ఏడు."

నవ్వుతూనే అనేవాడు గానీ రెండోసారి ఎవరూ అనిపించుకోలేదు. రన్‌వే మీద పని ముగించుకుని పక్కకి దిగిపోయే ప్రతివాడూ, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అన్నట్టే, "వస్తా" అనేవాడు. టవరాయన "ఆ, రా" అనేవాడు. ఏళ్ళ తరబడి అంతే.

మంటలార్పే నీళ్ళబండి మేస్త్రిది. కడుపు నిండా నీళ్ళు, వెనక డ్రమ్ముల్లో నురగ మందు. మేస్త్రికి మాట తక్కువ, చెయ్యి ముందు. కింద పనిచేసేవాళ్ళు ఆయన నోటికన్నా ఆయన భుజం కదలికనే కనిపెట్టి ఉండేవాళ్ళు. ట్రాక్టరు తోలేది ఆయన బావమరిది, భార్యకి సొంత తమ్ముడు. నలభై దాటినా పెళ్ళి ఊసెత్తని మనిషి. నోరు తెరిస్తే వేళాకోళం.

ఆ మధ్యాహ్నం మేస్త్రి బండి మెట్టు మీద కూర్చుని గొట్టాల మూతులకి గ్రీజు రాస్తున్నాడు. పక్కన రేడియో గురగురలాడుతోంది. ఆకాశంలో రెండు విమానాలున్నాయి. ముందున్నది పంతులు చిన్న విమానం, నేర్చుకునే అమ్మాయి నడుపుతోంది. వెనకది ప్రయాణికులది, వడి ఎక్కువ. రెండింటి మధ్య ఎడం తగ్గిపోతోందని టవరాయన వెనకదాన్ని చుట్టు తిప్పుతున్నాడు.

"ఇంకా దూరం జరుగు. ముందుది దిగి పక్కకి తప్పుకునేదాకా ముక్కు ఇటు తిప్పకు."

ఆ మాటల సందులో ఇంకో గొంతు దూరింది.

"గడ్డి బండి, వస్తా."

"ఆ, రా," అన్నాడు టవరాయన గుక్క తిప్పుకోకుండా. వెంటనే పంతులుతో, "రన్‌వే ఖాళీ. దిగు."

మేస్త్రి విన్నాడు. బావమరిది రన్‌వే దిగిపోయాడనుకున్నాడు. గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

చిన్న విమానం రెల్లు మీదుగా దిగింది. చక్రాలు నేలని తాకి కీచుమన్నాయి. ఆ తరవాత వచ్చిన చప్పుడు చెవుల్లోకి కాదు, కూర్చున్న మెట్టులోంచి వెన్నులోకి వచ్చింది. మేస్త్రి తలెత్తేసరికి ట్రాక్టరు వెనకుండే కోత రేకు గాల్లో గిరగిరా తిరుగుతోంది. విమానం రెక్క ఒకటి దానంతటది దొర్లుకుంటూ గడ్డిలోకి పరుగెత్తింది. మిగిలిన విమానం ముక్కు మీద నిలబడి, ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం ఆగి, వెల్లకిలా పడింది. పడ్డాక అంటుకుంది.

నీళ్ళబండి కదిలింది. మేస్త్రి తోలుతుంటే ఇద్దరు మనుషులు పక్కన వేలాడుతూ చేతి తొడుగులు వేసుకున్నారు. గాలి ఎటు వీస్తోందో చూసి పొగకి వీపు పెట్టి బండి ఆపాడు. గొట్టం బుసకొట్టింది. నురగ తెల్లగా పడుతుంటే మంట దాని కిందనుంచి నాలుక చాపుతూనే ఉంది. నేర్చుకునే అమ్మాయి పగిలిన అద్దంలోంచి పాక్కుంటూ బయటికొచ్చింది. జుట్టు సగం లేదు. ఒకడు ఆమె మీద తడి దుప్పటి కప్పి ఈడ్చుకెళ్ళాడు.

మేస్త్రి గొడ్డలితో తలుపు ఊడగొట్టాడు. పంతులు తలకిందులుగా బెల్టుకి వేలాడుతున్నాడు. కత్తితో బెల్టు కోస్తే మనిషి కిందికి జారాడు గానీ కాళ్ళు రాలేదు. ముందున్న మీటర్ల పలక వంగి మోకాళ్ళని కరుచుకుంది. మేస్త్రి చంకల కింద చేతులేసి లాగాడు. పంతులు అరిచాడు. ఇంకోసారి లాగాడు. పంతులు మోచేతి దగ్గర చర్మం మేస్త్రి తొడుగుకి అంటుకుని ఊడొచ్చింది. పైనుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా పడి, పడినచోటల్లా నీలంగా వెలుగుతోంది.

పంతులు అది చూశాడు. మేస్త్రిని చూశాడు.

"పో," అన్నాడు.

ఆ నోట ఆ మాట ఎన్నడూ విననిది. మేస్త్రి వెనక్కి అడుగేశాడు. టాంకు పేలింది. మళ్ళీ లేచి నిలబడేసరికి చూడ్డానికి ఏమీ లేదు. పైన ప్రయాణికుల విమానం పొగని చీల్చుకుంటూ, చక్రాలు ముడుచుకుని, కడుపు చూపిస్తూ ఎత్తుకి లేచిపోయింది. రేడియోలో టవరాయన "పైకి, పైకి" అని ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

బావమరిది గడ్డిలోంచి నడుచుకుంటూ వచ్చాడు. ఎడమ చెయ్యి తనది కానట్టు వేలాడుతోంది. ఒళ్ళంతా కోసిన గడ్డి.

"బావా, రా అన్నాడు," అన్నాడు. "రా అంటేనే వచ్చా."

మేస్త్రి కొట్టాడు. తొడుగు తియ్యకుండానే, దానికంటుకున్నది దానికుండగానే, మూతి మీద కొట్టాడు.

"దిగానన్నావు. నేను విన్నా."

"రా అన్నాడు బావా."

మళ్ళీ కొట్టాడు. పడ్డవాణ్ణి కాలర్ పట్టి లేపి కొట్టాడు. విరిగిన చెయ్యి నేలకి తగిలినప్పుడల్లా వాడు కుక్కపిల్లలా కుయ్యిమన్నాడు గానీ మాట మార్చలేదు. షెడ్డు వైపునుంచి మెకానిక్కు పరుగెత్తుకొచ్చాడు. మెకానిక్కు పంతులికి తోడబుట్టిన తమ్ముడు. చేతిలో మూరెడు రెంచి. నలుగురు పట్టుకుంటే ఆగాడు.

"మేస్త్రీ, పక్కకి తప్పుకో. అది నువ్వు చెయ్యాల్సిన పని కాదు."

"ఇవాళ కాదు," అన్నాడు మేస్త్రి. తనే ఎందుకు అడ్డం నిలబడ్డాడో ఆయనకీ తెలియలేదు.

మర్నాడు మేనేజరు గదిలో టవరాయన చెప్పాడు. గడ్డి బండి దిగానంది, సరే అన్నాను, దిగలేదు. మేస్త్రిని అడిగితే తనూ విన్నానన్నాడు, దిగానన్నాడని. ఇద్దరు మనుషులు, ఒకే మాట. కట్టు ఆరాక పోలీసులు వచ్చి బావమరిదిని తీసుకెళ్తారని మేనేజరు చెప్పాడు. చెప్పి, మైదానం త్వరగా తెరవాలని, గడ్డి సంగతి చూడమని కూడా చెప్పాడు.

తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి అక్క ఇంటికే తెచ్చుకుంది. వెనక గదిలో మంచం వేసింది. మొగుడికి అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది. ముఖం పెట్టేది కాదు. రెండోనాడు మాత్రం కంచం ముందు పెడుతూ అంది.

"వాడు వాగుతాడు. అబద్ధమాడడు."

"నా చెవులతో విన్నానే."

"నీ చెవులు నీ చేతులకన్నా నయమా?"

మేస్త్రి సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. వెనక గదిలోంచి బావమరిది గొంతు వచ్చింది. పెదవులు వాచి మాట ముద్దముద్దగా ఉంది.

"బావా, పన్ను నువ్వు ఊడగొట్టావా, ట్రాక్టరు ఊడగొట్టిందా? నువ్వయితే చెప్పు. ట్రాక్టర్ని ఊరికే తిడుతున్నా."

ఎవరూ నవ్వలేదు. వాడే మళ్ళీ అన్నాడు.

"పంతులు నాకు రోజూ చెయ్యూపేవాడు బావా, పైనుంచి. నేను చూసి చూసి ఆయన్ని గుద్దుతానా?"

మేస్త్రి చేతి తొడుగులు పెరట్లో తీగ మీద ఆరుతున్నాయి. ఎన్నిసార్లు ఉతికినా కుడిదాని వేళ్ళు విప్పుకోలేదు.

ఆ మరుసటి సాయంత్రం ఆమె పొయ్యి మీద కట్టు గుడ్డలు మరగబెడుతోంది. తెల్లారితే పోలీసు జీపు వస్తుందని కబురొచ్చింది. మేస్త్రి డ్యూటీ బట్టలు వేసుకుని, పెరట్లో బూట్లకి మట్టి గీక్కుంటున్నాడు. టోపీ లోపల మరిచిపోయాడు. వెనక గుమ్మం ఇరుకు, ఆమె గిన్నె పట్టుకుని లోపలి వైపు తిరిగి నిలబడి ఉంది. మాటల్లేని ఇంట్లో తప్పుకోమని అడగడం కూడా కష్టమే.

"వస్తా," అన్నాడు, లోపలికి దారిమ్మన్నట్టు.

ఆమె తిరిగి గిన్నెడు మరిగిన నీళ్ళూ పెరట్లోకి విసిరేసింది.

మెడ నుంచి పొట్టదాకా పడ్డాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మేస్త్రి గుమ్మం చెక్కని పట్టుకుని ఊపిరి లాగాడు. ఆ వెంటనే చెయ్యి లేచింది. ఆ ఇంట్లో అది లేవడం కొత్త కాదు.

ఆమె కదల్లేదు. గిన్నె గుండెకి అదుముకుంది.

"వస్తానన్నావుగా," అంది. "డ్యూటీకి బయల్దేరావనుకున్నా."

చెయ్యి అక్కడే ఆగింది. లేపినవాడు మరిచిపోయినట్టు, చాలాసేపు గాల్లోనే ఉంది. చొక్కా లోపల చర్మం పొంగుతోంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆమెని తప్పించుకుని వెనక గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. బావమరిది బాగున్న చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ మాట అన్నప్పుడు ఎక్కడున్నావురా?"

"ఏ మాట?"

"వస్తా అన్నప్పుడు. రన్‌వే మీదున్నావా? అవతలున్నావా?"

"అవతలే ఉన్నా బావా. డీజిలు అడుగంటింది. ఇవతలికి రావాలిగా. వస్తా అన్నా. రా అన్నాడు." వాడు చెయ్యి కొంచెం దించాడు. "మూడ్రోజుల్నించి అదేగా మొత్తుకుంటున్నా. ఇంకేమనాలి? పోతున్నా అంటే పంతులు తోలు ఒలిచేవాడు."

మేస్త్రి మంచం అంచున కూర్చున్నాడు. ఆమె కొబ్బరినూనె సీసా తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఒళ్ళు ముట్టుకోలేదు.

టవరాయన సామాన్ల గదిలో దీపం వెయ్యకుండా కూర్చున్నాడు. మేస్త్రి నిలబడే చెప్పాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విన్నాక టవరాయన కిటికీ వైపు చూశాడు, కనబడని సగం వైపు.

"అట్లా అయితే వాడూ నిజమే చెప్పాడు. నేనూ నిజమే చెప్పాను."

"ఇద్దరూ నిజమే."

"మరి పంతుల్ని ఎవరు చంపారు మేస్త్రీ?"

మేస్త్రి తనూ కిటికీ వైపు తిరిగాడు.

"రేపు నేనీ మాట చెబితే," అన్నాడు టవరాయన, "వాడు బయటికొస్తాడు, వాడి చోట నేను లోపలికెళ్తాను. అడక్కుండా రా అన్నవాణ్ణి నేనేగా. ఎక్కడున్నావని ఒక్కమాట అడిగితే సరిపోయేది. పైన రెండున్నాయి, వాటి మధ్య ఎడం తప్ప నా బుర్రలో ఏమీ లేదు." కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "నాకు చిన్నపిల్లలున్నారయ్యా. నువ్వు వెళ్ళు. నువ్వు చెప్పేది నువ్వు చెప్పుకో."

మేస్త్రి ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు మెకానిక్కు ఉన్నాడు. గడప లోపల మేస్త్రి భార్య దారికి అడ్డంగా నిలబడింది. మెకానిక్కు తాగలేదు. తాగి ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి.

"రేపు జీపు ఎక్కితే నాకు దొరకడు," అన్నాడు మెకానిక్కు. "రెండు కాళ్ళు చాలు. చంపను. తప్పుకోమను మీ ఆవిణ్ణి."

"వాడు దిగాననలేదు. వస్తా అన్నాడు."

"అంటే?"

"దాటి వస్తా అని. మేం దిగాడనుకున్నాం."

"బావమరిదికి బావ అల్లిన కథ."

"అల్లడం నాకు చేతకాదు. నీకు తెలుసు." మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. "పోతున్నా అనే మాట ఉంటే ఈ తికమక లేదు. ఆ మాట ఎవరు అననిచ్చారు?"

మెకానిక్కు అర్థమయ్యేలోపే చెయ్యి విసిరాడు. లేదా అర్థమయ్యే విసిరాడు. రెంచి చెవి మీద తగిలింది. మేస్త్రి గోడకి కొట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. రెండోది భుజం మీద పడింది, ఎండుకర్ర విరిగిన చప్పుడైంది. మూడోది కాలిన ఛాతీ మీద. పొంగిన చర్మం చితికి చొక్కా తడిసింది. జీవితంలో ఒక దెబ్బకి రెండు తిరిగివ్వకుండా వదలని మనిషి చేతులు నేలకి ఆనించి ఉంచాడు. లోపల్నించి ఆమె "చేతులెత్తు" అని అరిచింది, ఆయన చేతులంటే అసహ్యమున్న మనిషే.

"మా అన్ననంటావా," అన్నాడు మెకానిక్కు. "మా అన్న చంపుకున్నాడంటావా?"

"ఆయన చివర్న ఏమన్నాడో చెప్పనా?"

రెంచి పైనే ఆగింది.

"పో అన్నాడు. నాతో. కాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి, పెట్రోలు కారుతోంది. నన్ను చూసి పో అన్నాడు. నేను వెనక్కి అడుగేశా. అందుకే ఉన్నా."

మెకానిక్కు చెయ్యి దించాడు. తరవాత పని అయిపోయినప్పుడు చేసినట్టే, రెంచిని ప్యాంటుకి ఆ పక్కా ఈ పక్కా తుడిచాడు. నెత్తురు గీతలు పడ్డాయి. చూసుకోలేదు.

"వస్తా," అన్నాడు.

అది వెళ్తున్నానని చెప్పడమో, మళ్ళీ వస్తానని బెదిరించడమో తెలియలేదు. అక్క తలుపు గడియ పెట్టి, మంచాన్ని తలుపుకి అడ్డంగా లాగింది. తమ్ముడు మంచం మీదే ఉన్నాడు.

తెల్లారాక పోలీసు జీపు వచ్చి మేనేజరు గది ముందు ఆగింది. ఆ గదిలోనూ ఒక రేడియో ఉంది. మైదానం ఆవేళే తెరుస్తున్నారు. షెడ్డులోంచి పాత ట్రాక్టరు బయటికి తీశారు గానీ ఎక్కేవాడు లేడు. మేస్త్రి నీళ్ళబండి తాళం తన కిందివాడికిచ్చి ట్రాక్టరెక్కాడు. ఒక చెయ్యి మెడకి కట్టి ఉంది. ఒక చెవి వినబడదు, రేడియోని రెండో చెవికి పెట్టుకున్నాడు. షెడ్డు ముందు మెకానిక్కు ఒక చిన్న విమానం మూత తెరిచి పెట్టుకుని, లోపలికి చూడకుండా ఇటే చూస్తున్నాడు.

రన్‌వే అంచున మేస్త్రి బండి ఆపాడు.

"గడ్డి బండి," అన్నాడు. "రన్‌వేకి ఇవతల, షెడ్డు వైపున ఉన్నా. రన్‌వే దాటి అవతలికి పోతున్నా."

రేడియో గురగుర కూడా ఆగినట్టయింది. షెడ్డులో ఎవరో ఏదో కింద పడేశారు. మెకానిక్కు కదల్లేదు. మేనేజరు గది తలుపు దగ్గరికి టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి ఆకాశాన్ని అటూ ఇటూ చూశాడు.

చాలాసేపటికి టవరాయన గొంతు వచ్చింది. మెల్లగా, ఎవరో రాసుకుంటుంటే చెబుతున్నట్టు ఒక్కో మాటా విడివిడిగా.

"గడ్డి బండి, విన్నా. మొన్న అవతల్నించి వస్తానన్నావు. నేను ఎక్కడున్నావని అడగలేదు. రా అన్నాను." ఊపిరి చప్పుడు. "ఇవాళ అడిగాననుకో. చెప్పావు. పైన ఎవరూ లేరు. పో."

షెడ్డు ముందు మెకానిక్కు విమానం మూత నెమ్మదిగా దించి, దాని మీద రెండు చేతులూ పెట్టి, తల వంచుకున్నాడు.

మేస్త్రి గేరు వేశాడు. మసిపట్టి నల్లబడిన చోట చక్రాలు వెళ్ళకుండా కొంచెం పక్కగా తిప్పి, ఎక్కడా ఆగకుండా దాటాడు. అవతల గడ్డిలోకి నాలుగు చక్రాలూ దిగాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పోయా," అన్నాడు.